ఆ కుక్కనే ఎందుకు తెచ్చానంటే

కృష్ణానగర్,
శుక్రవారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక.

నా బంగారు తల్లి గీతికకు, నాన్న మనసు నిండా దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ, మీ అమ్మా, సంహితా ముగ్గురం కులాసాగా ఉన్నాం. ఆ మారేడుమిల్లి అడవిలో నువ్వు కూడా వేళకి తింటూ, చలికి చెవులకి గుడ్డ కట్టుకుంటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం ప్రొడక్షన్ వరప్రసాద్ గారు స్వయంగా ఇంటికి తెచ్చి ఇచ్చారు. అమ్మా గీతికా, ఏం రాయను, ఎలా రాయను! డైరెక్టర్ గారికి జ్వరం వస్తే మంగళవారం షాట్ అసిస్టెంటువి నిన్నే తీయమన్నారని, మానిటర్ ముందు నిన్ను కూర్చోబెట్టారని, నువ్వు యాక్షన్ అంటే అంతమందీ కదిలారని చదివేసరికి నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఆ మాట నేను జీవితమంతా సెట్టు వెనకాల నుంచి, రంగు డబ్బా పట్టుకుని, ఊపిరి బిగబట్టి విన్నవాణ్ణే. ఆ మాట అనే కుర్చీ ఎలా ఉంటుందో దగ్గరికి వెళ్ళి చూసిన పాపాన పోలేదు. అందులో నా కూతురు కూర్చుంది! ఉత్తరం పట్టుకుని మెట్లు దిగి, కర్రీ పాయింట్ ఆవిడకి చెప్పాను, ఇస్త్రీ అతనికి చెప్పాను, ఆటో స్టాండులో అందరికీ చెప్పాను. మీ అమ్మ పైనుంచి, "చాటింపు అయితే పైకి రండి, అన్నం చల్లారిపోతోంది" అని కేకేసింది. తను మాత్రం వంటింట్లో ఆ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదువుకోవడం నేను చూశాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. బీపీ మాత్రలు మానలేదు. సంహిత బడికి ఏడవకుండా వెళుతోంది, పెరుగన్నం తింటోంది, అమ్మమ్మ పక్కన పడుకుంటోంది. వాళ్ళ నాన్న బెంగుళూరులో వేరే కాపురం పెట్టుకున్నాక ఆ పిల్లకి ఉన్నది నువ్వూ మేమూనే కదా, దాని మీద ఈగ వాలనిస్తామా.

ఇక నీ ఉత్తరం చివర అడిగావే, "రెండో షెడ్యూల్‌కి కూడా నన్నే ఉండమంటున్నారు నాన్నా, ఇంకో రెండు నెలలు సంహితని నీ దగ్గర వదలొచ్చా, నువ్వు సరేనంటేనే ఒప్పుకుంటాను" అని. ఆ ఒక్కదానికి జవాబు నేను కూడా చివరే రాస్తాను. ఇప్పుడే రాయడానికి చెయ్యి సాగడం లేదు. కంగారు పడకు. పిల్ల ఇదిగో నా ఎదురుగా మంచం మీద బోర్లా పడుకుని ఏనుగు బొమ్మకి రంగులు వేస్తోంది.

ముందు కుక్క సంగతి. పోయిన ఉత్తరంలో, ఇంట్లోకి కుక్క వచ్చిందని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. "ఏ జాతి? ఆ జాతే ఎందుకు? కుక్క ఎదురొస్తే రోడ్డు దాటేసే మనిషివి ఎలా తెచ్చావు నాన్నా?" అని అడిగావు.

పెంచేవాళ్ళని కనుక్కుని, ఏది మనకి సరిపోతుందో చూసి తెమ్మని నువ్వే చెప్పి వెళ్ళావు కదా. అలాగే పొద్దున్నే చెక్‌పోస్టు మీదుగా జూబ్లీహిల్స్ వీధుల్లోకి వెళ్ళేవాణ్ణి. కుక్క అటువైపు ఉంటే నేను ఇటువైపు నిలబడి, రోడ్డుకి అడ్డంగా కేకవేసి, "ఏమండీ, దీన్నే ఎందుకు తెచ్చుకున్నారు?" అని అడిగేవాణ్ణి. పిచ్చివాడనుకున్న వాళ్ళూ ఉన్నారు. అయినా కుక్క గురించి అడిగితే ఎవరూ విసుక్కోరమ్మా. కన్నపిల్లల గురించి అడిగినా అంత ఇష్టంగా చెప్పరు.

విశాలాక్షి గారని ఒక పెద్దావిడ, ముడతల మొహం పగ్గు కుక్కని చంకలో పెట్టుకుని తిప్పుతారు. అదేం అందమని తెచ్చుకున్నారా అని నాకు అనుమానం. "గురక కోసమండీ" అన్నారావిడ. "మావారు పోయాక అంత ఇంట్లో చప్పుడనేదే లేకుండా పోయింది. ఇది మంచి గురక పెడుతుందని ఎవరో చెప్పారు. అచ్చం ఆయన లాగే పెడుతుంది, నిద్ర పడుతోంది." నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇంకొకతను కౌస్తుభ్ అని కుర్ర నటుడు. వాళ్ళది మంచుదేశపు హస్కీ, గుమ్మం దాటగానే పాపం నాలుక జానెడు వేలాడేస్తుంది. ఈ ఎండల్లో దీన్నెందుకు బాబూ అంటే, "నిజం చెప్పనా అంకుల్, మూడు సినిమాల్లో చేశాను, ఒక్కడూ ఆగి పలకరించడు. దీంతో బయటికి వస్తే అందరూ ఆగి ఫోటో అడుగుతారు. ఫోటోలో నేనూ ఉంటాగా!" అన్నాడు, నవ్వుతూనే.

పెద్ద గేటు ఉన్న ఇంకో ఇంట్లో నల్లటి రాట్‌వీలర్. దాన్ని తిప్పే మనిషిని అడిగాను. "మా సారు దీని దిక్కు రానే రాడు పెద్దాయనా, ఆయనకు భయం. కుక్క ఉంది జాగ్రత్త అని గేటుకు బోర్డు పెట్టాల్నంటె లోపట కుక్క ఉండాలె గద, గందుకు తెచ్చిండు" అన్నాడు. మరి నీకు భయం లేదా అంటే, "నాకు లేకేంది? భయపడుకుంటనే తిప్పుత" అన్నాడు.

ఇంటికి నడుస్తూ అనుకున్నాను. కుక్క సంగతి అడిగితే అందరూ తమ సంగతే చెప్పారు. ఒకరికి నిశ్శబ్దమంటే భయం, ఒకరికి తనని ఎవరూ చూడరని భయం, ఒకరికి దొంగలంటే భయం. ఎవరి భయం కొలతకి వాళ్ళు కుక్కని కుట్టించుకున్నట్టున్నారు.

సంహిత ఏది కావాలందో నీకు తెలుసు. మొన్న వేసవిలో టీవీలో అరిగిపోయేలా చూసిన ఆ పిల్లల సినిమాలోని అల్సేషియన్. అందులో అది పాప ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటుంది, పాప దాని చెవులు లాగినా ఊరుకుంటుంది, చివర్లో రౌడీల చేతులు పట్టి కూలదోస్తుంది. షూటింగులకి జంతువులని పంపే యాదగిరి షేక్‌పేట పాత ఊళ్ళో ఉంటాడు, స్టూడియో రోజుల నుంచి నాకు తెలిసినవాడు. వెళ్ళి అడిగితే అదృష్టం అక్కడే కూర్చుని ఉంది. "గా సినిమాల చేసిన కుక్కే కాకా ఇది. పేరు మేజర్. జర వయసు మీద పడ్డది, షూటింగులకు పిలుస్తలేరు. మంచిగ చూస్కుంటనంటె తీస్కపో" అన్నాడు.

ఆటోలో వెనక సీట్లో అది దొరలాగా కూర్చుంటే, నేను ముందు డ్రైవరు పక్కన ఇరుక్కుని వచ్చాను. మీ అమ్మ గుమ్మంలో దాన్ని చూసి, "ఏవండీ, కుక్కని తెమ్మంటే పోలీసుని తెచ్చారేంటి?" అంది. సంహిత మాత్రం దాని మెడ చుట్టూ చేతులు వేసి ఊగిపోయింది.

అది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకునే కూర్చున్నానమ్మా. నీళ్ళు తాగాలన్నా గోడ పట్టుకుని నడిచేవాణ్ణి. అది ఊపిరి వదిలితే నా ఊపిరి ఆగేది. కానీ ఎంత బుద్ధిగా ఉండేదో! మొరగదు, పెట్టింది తింటుంది, పిల్ల చెవులు లాగితే కళ్ళు మూసుకుంటుంది, సినిమాలో లాగే. ఒక్క సంగతే నాకు కొత్తగా అనిపించేది. అది మన మొహాలు చూడదు. ఎప్పుడూ చేతుల వంకే చూస్తుంది. చెయ్యి కదిపితే దాని చెవులు కదిలేవి. తిండి కోసం అనుకున్నాం.

ఇక్కడిదాకా నవ్వుకుంటూ చదివి ఉంటావు. ఇక మీదట కూర్చుని చదువు తల్లీ. ముందే రాస్తున్నాను, సంహిత ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. నమ్ము.

మంగళవారం బడికి సెలవు. మీ అమ్మ కూరగాయలకి వెళ్ళింది. నేను హాల్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. మేజర్ గుమ్మం దగ్గర పడుకుని ఉంది. సంహిత ఆసుపత్రి ఆట ఆడుకుంటూ మీ అమ్మ మందపాటి తువ్వాలు తీసి ఎడమ చేతికి మోచెయ్యి దాకా చుట్టుకుంది. "తాతయ్యా, నా చెయ్యి విరిగింది, కట్టు కట్టేశా, చూడు" అని ఆ చెయ్యి పైకెత్తి చూపించింది.

మేజర్ లేచింది.

మొరగలేదు, గుర్రుమనలేదు. ఊరికే లేచి నిలబడింది. కానీ అది మాకు తెలిసిన కుక్క కాదు. వీపు బిగుసుకుంది, తల వంగింది, తోక కదలడం లేదు. దానికి పిల్ల కనిపించడం లేదమ్మా. ఆ తువ్వాలు చుట్టిన చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది.

నేను భయపడ్డ రోజులు చాలా ఉన్నాయి. ఎత్తైన సెట్టు మీద కర్ర విరిగి వేలాడినప్పుడూ భయపడ్డాను. ఇది అలాంటిది కాదు.   అరిస్తే అది దూకుతుందేమోనని భయం. ఎలా లేచానో తెలియదు, చిక్కుడుకాయలు ఒళ్ళోంచి జారి చెల్లాచెదురయ్యాయి. పిల్ల ముందుకి వెళ్ళి పిల్ల చేతి నుంచి తువ్వాలు ఒక్క లాగు లాగాను. అది తొడుగులాగా గుండ్రంగానే ఊడి వచ్చింది. దాన్ని నా చేతికి తొడుక్కుని, "అమ్మమ్మ గదిలోకి వెళ్ళి తలుపేసుకో తల్లీ, దాగుడుమూతలు" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో దేవుడికి తెలియాలి. పిల్ల నవ్వుకుంటూ పరిగెత్తింది. తలుపు చప్పుడు విన్నాను. ఆ వెంటనే మేజర్ నా మీదకి వచ్చింది.

గోడకి కొట్టుకున్నాను. చెయ్యి దాని నోట్లో ఉంది. అంత బరువు ఆ చేతికి వేలాడుతోంది. నేనేం అరిచానో తెలుసా? "కట్! కట్!" అని అరిచాను. సెట్టు మనిషిని కదా, అదే వచ్చింది నోటికి. అది వినలేదు. చివరికి నా ఒంట్లో సత్తువ అయిపోయి చెయ్యి వదులైపోయింది. తువ్వాల్లోంచి జారి బయటికి వచ్చింది. అంతే. మేజర్ నన్ను వదిలేసింది. ఆ తువ్వాలు నోట కరుచుకుని, తల పైకెత్తి, హాలు చుట్టూ ఊరేగింపులాగా తిరిగి, తన చోటికి వెళ్ళి పడుకుంది. తువ్వాలు మీద గడ్డం ఆనించుకుని నా వంక చూసి తోక ఊపింది, బాగా చేశానా అన్నట్టు. అప్పుడు ఇంకా ఎక్కువ భయం వేసింది నాకు. అందులో కోపమనేదే లేదమ్మా. దాని ఉద్యోగం అది చేసింది.

లోపలినుంచి పిల్ల పిలుస్తోంది. "తాతయ్యా, ఇంక రావచ్చా?"

వెళ్ళి ఆ గది తలుపుకి బయటి నుంచి గడియ పెట్టాను. ఆ గడియ మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయాను, మీ అమ్మ వచ్చేదాకా.

తువ్వాలు మందం కాపాడింది, పళ్ళు లోతుగా దిగలేదు. కుళాయి కింద సబ్బుతో కడుక్కుని సర్కారు ఆసుపత్రికి వెళ్ళాను. కొన్ని కుట్లు పడ్డాయి, సూదిమందులు వేస్తున్నారు, మిగతావి కూడా తప్పకుండా వేయించుకుంటాను. అది ఎడమ చెయ్యి, కాబట్టే ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

కబురు పెడితే యాదగిరి గొలుసు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నా చెయ్యి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "గుడ్డ చుట్టిన చెయ్యి దానికి చూపిస్తరా కాకా?"

"సినిమాలో పాప ఒళ్ళో పడుకున్న కుక్క కదయ్యా ఇది?" అన్నాను.

"గది వేరే కుక్క. గా సినిమాల మూడు కుక్కలున్నయ్. ఒళ్ళె పండేది ఒకటి, ఉరికేది ఒకటి, ఇది ఫైట్లది. ఫైటరు చేతికి గుడ్డ చుట్టుకోని నిలబడ్తె పోయి పట్టాలె, గుడ్డ ఇడిస్తె తీస్కపోవాలె, గంతే దీని పని."

"మరి నాకు చెప్పలేదేం?"

"నీకు నేను చెప్పాల్నా? సెట్లల్ల ఉన్నోనివి! ఏ సినిమాల ఒక్క కుక్కతోని పని అయింది చెప్పు? నీకెర్కనే అనుకున్న."

వాణ్ణి తిట్టి ఏం లాభం? థర్మాకోలుకి రంగేసి కొండరాళ్ళు చేసినవాణ్ణి. హీరో దూకితే నిజంగా ఎవరు దూకారో తెలిసినవాణ్ణి. ఏడుపు సీనుకి ఒక పాపాయిని, నవ్వు సీనుకి ఇంకో పాపాయిని తెచ్చినప్పుడు పక్కనే ఉన్నవాణ్ణి. ఈ ఒక్క కుక్క దగ్గర టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్న ప్రేక్షకుణ్ణి అయిపోయాను.

మేజర్‌ని తీసుకెళ్ళిపోతుంటే సంహిత ఏడ్చింది. పిల్లకి అబద్ధం చెప్పలేదు. "దానికి చెయ్యి పట్టుకోవడం నేర్పారు తల్లీ, వదిలించడం మనకి చేతకాదు" అన్నాను. "నాకు చెప్పొచ్చుగా తాతయ్యా, నేను నేర్పేదాన్ని" అంది. మేజర్‌ని ఇక మన ఇంటికి తీసుకురాను. అది యాదగిరి దగ్గరే ఉంటుంది. కొట్టవద్దని చెప్పి పంపాను.

ఆ సాయంత్రం మీ అమ్మ నా చేతికి ఆసరాగా దిండు పెడుతూ, "పిల్లకి కాపలా అని తెచ్చారు. చివరికి దానికీ పిల్లకీ మధ్య మీరే కాపలా కాశారు" అని ఎత్తిపొడిచింది. తరవాత మొహం తిప్పుకుని, సర్దిన దిండునే మళ్ళీ సర్దింది.

మీ అమ్మ అన్న కాపలా మాట నిజం. పిల్ల అడిగిందని తెచ్చానని అందరికీ చెప్పాను. చారెడు తెల్ల బొచ్చుకుక్కని తెచ్చినా సంహిత అంతే గంతులేసేది. అల్సేషియన్ కావలసింది నాకు. నువ్వు వెళ్ళిన కొత్తల్లో, బడి నుంచి నిద్రమొహంతో వచ్చిన పిల్లని ఎత్తుకుని మెట్లు ఎక్కుతుంటే నాకు కళ్ళు చీకట్లు కమ్మాయి. మెట్టు మీద కూలబడ్డాను. పిల్లని పడేయలేదు. కానీ పడేసి ఉంటే? డాక్టరు మాత్ర మార్చాడు, మళ్ళీ రాలేదు. భయం మాత్రం పోలేదు. ఈ పిల్లకి ఏదైనా అయితే ఈ ముసలి చేతులు చాలతాయా అని అనుక్షణం అదే. నాకంటే బలమైనది ఒకటి ఇంట్లో ఉండాలనుకున్నాను. వీధి వీధీ తిరిగి పరాయివాళ్ళ భయాలు కొలిచాను గానీ, నా భయానికి సరిపడా కుక్కనే నేనూ తెచ్చుకుంటున్నానని ఆ పూట తట్టలేదు.

ఆఫీసుకి ఫోను చేస్తే మంగళవారమే నీకు కబురు అంది ఉండేది. సెట్టులో ఫోన్లు తీసేసుకున్నా ఇలాంటి కబురైతే అందజేస్తారు. చేయలేదు. డైరెక్టర్ గారికి ఒంట్లో బాగుండటం లేదని, ఈ వారం నీకు షాట్ ఇవ్వొచ్చని నువ్వు ముందే రాశావు. నువ్వు అన్నీ వదిలేసి పరిగెత్తుకొస్తావని తెలుసు. నువ్వు యాక్షన్ అన్న రోజే ఇక్కడ ఇది జరిగిందని నిన్న నీ ఉత్తరం చదివాకే తెలిసింది. ఆటో స్టాండులో ఊగిపోతూ చెబుతున్నప్పుడు కూడా కట్టు ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకునే ఉన్నాను. పిల్ల విషయం తల్లికి చెప్పకుండా ఆపే హక్కు నాకు లేదని ఇవాళ ఒప్పుకుంటున్నాను. ఇంకెప్పుడూ ఆపను.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. సరేనని నేను రాయకూడదు. ఇదంతా విన్నాక సరేననాల్సింది నువ్వు. తణుకు నుంచి కౌసల్య పిన్ని వచ్చి నువ్వు తిరిగొచ్చేదాకా ఉంటానంది. పిల్లని ఎత్తుకుని మెట్లు ఎక్కడం మానేశాను, చెయ్యి పట్టుకుని ఎక్కిస్తున్నాను. కుక్క మాట ఇక లేదు. ఇంతకు మించి నా దగ్గర భరోసా లేదు తల్లీ.

జవాబు ఉత్తరంలో రాయక్కర్లేదు. రేపు అడవికి వచ్చే మనిషితో ఇది పంపుతున్నాను. సోమవారం పొద్దున సామాన్ల కోసం మీ యూనిట్ వ్యాను ఇక్కడికి వస్తుందట. నేను సెంటర్లో నిలబడి ఉంటాను. అందులోంచి నువ్వు దిగితే సంచి అందుకుని ఇంటికి తీసుకొస్తాను. నన్ను నమ్మలేదని ఒక్క మాట అనను, మనసులో కూడా అనుకోను. డ్రైవరు ఒక్కడే దిగి టీ కోసం వెళ్ళిపోతే, వెనక సీట్ల దాకా వంగి చూసుకుని, ఎవరూ లేరని రూఢి చేసుకుని, ఆ నడిరోడ్డు మీద చిన్నపిల్లాడిలా గంతులేస్తాను. ఆ వ్యాను ఖాళీగా రావాలని నాకు ఎంత ఆశగా ఉందో రాయడానికి కూడా భయంగా ఉందమ్మా.

ఇట్లు,
నిన్ను తలుచుకుని మురిసిపోతూ, సోమవారానికి వణుకుతూ,
నీ నాన్న
చలపతిరావు